అన్న పేరు మీద వీసా

జగిత్యాల బస్టాండు వెనుక సందులో చాంద్‌పాషా దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక బల్ల, ఒక టైపు మిషను, గోడకు ఒంటెల బొమ్మ ఉన్న క్యాలెండరు, అంతే. మస్కట్, దుబాయి పోవాలనుకునేవాళ్లంతా పొద్దున్నే అక్కడికి చేరి చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లు. ఎవరి కాయితాలు వాళ్ల ఒళ్లో, పసిపిల్లను పెట్టుకున్నట్టు భద్రంగా పెట్టుకునేవాళ్లు. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం నేనూ, మా ఆయనా, మా అత్తమ్మ రామవ్వా ఆ దుకాణం మెట్లెక్కాం.

మా దిక్కు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. రేషను దుకాణంలో పేరు చెప్పమని అడిగితే "పోశమ్మ తల్లి పేరున్నాయన" అనేదాన్ని. ఆ దుకాణపాయనకు అంతా తెలుసు. అయినా ఏ పోశమ్మ, ఏ ఊరి పోశమ్మ అని నన్ను సతాయించి గానీ చక్కెర తూచేవాడు కాదు. పలకడానికే గానీ రాయడానికి అడ్డేమీ లేదు కదా. అందుకని రాస్తున్నాను. మా ఆయన పేరు పోశాలు.

వానల్లేక మా పొలం బీడు పడింది. ఊళ్లో సగం మంది మగవాళ్లు అప్పటికే గల్ఫు బాట పట్టారు. మా ఆయనకూ అదే ధ్యాస. చాంద్‌పాషా బామ్మర్ది మస్కట్‌లో మేస్త్రీగా ఉండేవాడు. తమ కంపెనీలో ఒక పనివాడికి వీసా తీయిస్తానని మాటిచ్చాడు. పాస్‌పోర్టు ఒక్కటి ఉంటే చాలన్నాడు. చిక్కంతా ఆ ఒక్క దగ్గరే వచ్చింది. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు కావాలి. మా ఆయన బడి ముఖం చూసినవాడు కాదు, బర్లు కాసినవాడు. ఆయన ఈ భూమ్మీద పుట్టాడని చెప్పే కాయితం ముక్క ఎక్కడా లేదు.

"మనిషి నా ముంగట కూసున్నా లాభం లేదు బేటా. కాయిదం లేకుంటే నువ్వు పుట్టనట్టే" అన్నాడు చాంద్‌పాషా.

మా ఆయన తల వంచుకున్నాడు. అప్పుడు అత్తమ్మ కొంగు మూట విప్పి, మడతలు పడిన కాయితం ఒకటి బల్ల మీద పెట్టింది. బడి సర్టిఫికెట్. అందులో పుట్టిన తేదీ ఉంది, తండ్రి పేరు ఉంది, హెడ్మాస్టరు ముద్ర ఉంది. పేరు మాత్రం హనుమండ్లు అని ఉంది. ఎవరిదని చాంద్‌పాషా అడిగితే పెద్దకొడుకుదని చెప్పింది. అతనేడీ అని అడిగితే ఆమె కొంగు మళ్లీ ముడి వేసుకుంది. పోయాడని నేనే చెప్పాల్సి వచ్చింది.

చాంద్‌పాషా మంచివాడు. కాయితాన్ని వెనక్కి నెట్టాడు. అత్తమ్మ మళ్లీ ముందుకు జరిపింది. అట్లా ఆ కాయితం బల్ల మీద అటూ ఇటూ తిరిగి చివరికి ఆయన దగ్గరే ఆగింది. వేరేవాళ్ల పేరుతో పోయినవాళ్లు లేకపోలేదనీ, అయితే ఒక్క షరతనీ అన్నాడు. అట్లా పంపిన ఒకతన్ని బొంబాయి ఎయిర్‌పోర్టులో బల్ల ముందుకు పేరుపెట్టి పిలిస్తే, అతగాడు పలకకుండా, ఈ పేరుగలవాడు ఎవడా అని తనే చుట్టూ చూస్తూ కూర్చున్నాడట. వెంటనే పట్టుకుని వెనక్కి పంపారు. ఈ మాటకు బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వారు. మేమూ నవ్వాం.

"ఇయ్యాళ్టి సంది ఇంట్ల అందరు గీ పేరుతోనే పిలువుండ్రి. నిద్రల లేపి పిలిచినా ఆఁ అని పలుకాలె" అని చెప్పి పంపాడు.

హనుమండ్లు బావను నేను చూడలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే పోయాడు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటే పుట్టినవాడని ఆ పేరు పెట్టుకున్నారు. పదో తరగతి చదువుతుండగా, మోటబావిలో పడిన తమ్ముణ్ణి తీయబోయి దూకాడు. తమ్ముణ్ణి మెట్ల మీదికి నెట్టాడు. తను పైకి రాలేదు. ఆ తమ్ముడే మా ఆయన. అప్పటి నుంచి మా ఆయన మోకాళ్ల లోతు నీళ్లలోకి కూడా దిగేవాడు కాదు. చెరువులో బర్లను కడగాలంటే వేరేవాళ్లను బతిమాలుకునేవాడు.

మా దిక్కు అకాలంగా పోయినవాళ్ల పేరు ఇంట్లో తీయరు. కాటి నుంచి వచ్చేటప్పుడు వెనక్కి మర్లి చూడొద్దంటారు కదా, ఇదీ అట్లాంటిదే. మనం పేరు తీస్తే పోయినవాడు మర్లి చూస్తాడని భయం. అత్తమ్మ ఆ కట్టడిని ఎంత పట్టుదలగా పాటించిందంటే, వీధిలో ఎవరైనా ఆ పేరుగల పిల్లవాణ్ణి పిలిస్తే కొంగుతో చెవులు మూసుకునేది. అట్లాంటి మనిషి ఇప్పుడు ఆ పేరు రోజూ పిలవాలి.

మొదటి రోజు ఆమె వల్ల కాలేదు. నోరు తెరిచి, మూసుకుని, పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చింది. రెండో రోజు గొణిగింది. మా ఆయన తనను కాదన్నట్టు బీడీ చుట్టుకుంటూ కూర్చున్నాడు. నేను మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి పలికాడు. నాకు ఒకవైపు నవ్వు, ఒకవైపు జాలి. బావ పేరు కూడా మరదలు పలకకూడదు కాబట్టి ఆ ఇంట్లో ఇద్దరి పేర్లూ నాకు నిషిద్ధమే. నేను చేయగలిగింది ఒక్కటే. ఏడు దాకా చదివిన దాన్ని కనుక పలక మీద ఆ పేరు రాసి, ఆయన చేత సంతకం దిద్దించేదాన్ని.

తర్వాత అత్తమ్మకు అలవాటైంది. అలవాటు కాదు, ఆశ పుట్టింది. నీళ్లు తోడమనడానికి, గడ్డి వేయమనడానికి, ఏ పనీ లేకపోయినా, హనుమండ్లూ, ఓ హనుమండ్లూ అని పిలిచేది. పిలిచి, పలికేదాకా కళ్లు మూసుకుని నిలబడేది. ఎన్నో ఏళ్లుగా నోట్లో దాచుకున్న పేరు. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ ముఖం చూశాక వద్దని చెప్పడానికి మనసొప్పలేదు.

మా ఆయనకు సర్వపిండి పడదు, కడుపులో మంటంటాడు. అత్తమ్మ రోజూ సర్వపిండే కాల్చి పెట్టేది, పెద్దవాడికి అదంటే ప్రాణమట. మొదట్లో మాట కాదనలేక తిన్నాడు. తర్వాత అడిగి తిన్నాడు. నేను నేర్పిన సంతకం వంకరటింకరగా ఉండేది, ఒకరోజు పలక మీద చూస్తే చక్కగా, గుండ్రంగా ఉంది. ఎక్కడ నేర్చావంటే ఏమో అన్నాడు. ఆ వారమే పక్కచేను కనకవ్వ వచ్చి, మీ ఆయన మోటబావిలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈత కొడుతున్నాడని చెప్పింది. ఆయన ఇంటికి వచ్చినప్పుడు తల తడిగానే ఉంది. బావికి పోయావా అని అడిగాను. పోలేదన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. తన తల ఎందుకు తడిసిందని నన్నే అడిగాడు.

పాస్‌పోర్టు వచ్చింది. మస్కట్ నుంచి వీసా వచ్చింది. మిరుగు కార్తె వానలూ వచ్చాయి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. కందిలి ముందర మా ఆయన అన్నం తింటున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చారు పోస్తున్నాను. చూరు నుంచి నీళ్లు కారే చప్పుడు, కొట్టంలో బర్రె మెడ గంట చప్పుడు. తడిసిన పేడ వాసనా, కందిలి పొగ వాసనా కలిసి ఇల్లంతా నిండి ఉన్నాయి. అత్తమ్మ కొట్టంలో గడ్డి వేస్తున్నది. అక్కడి నుంచే పిలిచింది.

"హనుమండ్లూ..."

మా ఆయన నోట్లో ముద్ద ఉంది. పలకడానికి గబగబా మింగబోయాడు.

"ఆఁ అవ్వా..."

పలికింది ఆయన కాదు.

గొంతు పెరటి వైపు నుంచి వచ్చింది. మీసాలు రాని పిల్లవాడి గొంతు. దగ్గరగా... చాలా దగ్గరగా. తలుపుకు ఆనుకుని నిలబడితే వచ్చేటంత దగ్గరగా. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన ఇంకా ముద్ద మింగలేదు. చూరు నీళ్లు కారుతూనే ఉన్నాయి. వాటి మధ్యలో ఇంకో చప్పుడు... బట్టల నుంచి నీళ్లు కారే చప్పుడు. బావి నాచు వాసన.

అత్తమ్మ లోపలికి వచ్చింది. చేతులు తుడుచుకుని ఇంకో కంచంలో అన్నం పెట్టి, చారు పోసి, పెరటి గడప అవతల ఉంచి తలుపు వేసింది.  పొద్దున చూస్తే కంచం ఖాళీగా ఉంది. కుక్క తిని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ కంచం కడిగి బోర్లించి ఉంది.

వీసా కాయితాలు ఇవ్వడానికి చాంద్‌పాషా మా ఊరికి వచ్చినప్పుడు, అత్తమ్మ లేని సమయం చూసి ఆయనకు అంతా చెప్పాను. నాకు మస్కట్ వద్దు, నా మొగుడు నాకు చాలు, పోవడం ఆపమని కాళ్లమీద పడినంత పని చేశాను. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"వీసా ఒక్కనికే బేటీ. ఒక పేరు, ఒక మనిషి. ఒకడు పోతే ఒకడు ఉండాలె" అని మెల్లగా అన్నాడు. ముందు ఆ పిలవడం మానిపించమనీ, కొండగట్టుకు తీసుకుపొమ్మనీ చెప్పాడు. గాలి సోకినవాళ్లను అంజన్న దగ్గర ఉంచితే బాగవుతారని ఆయనకూ తెలుసు.

అత్తమ్మను అడిగాను. కొండగట్టు పేరు వినగానే ఆమె ముఖం నల్లబడింది. అంజన్న దగ్గరికి పోతే వాడు పోతాడంది. ఎవరు పోతారని నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

పొద్దున బొంబాయి ప్రయాణమనగా ముందు రోజు సాయంత్రం నుంచే ముసురు పట్టింది. మా ఆయన లోపలి అర్రలో మంచం మీద పడుకున్నాడు. నేను సంచీ సర్ది పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. చాలాసేపు వాసాలు చూస్తూ ఉండి, చిన్నగా అడిగాడు.

"అనసూర్యా... నన్నొక్కసారి నా పేరుతోని పిలువవా? ఎవ్వలు పిలుస్తలేరు. నాకే యాదికి వస్తలేదు."

 ఆ పేరు పలకాల్సినవాళ్లు ఇంట్లో ఇద్దరం. ఒకరు మానేశారు. ఒకరికి అలవాటే లేదు. పలికితే ఆయుష్షు తరుగుతుందన్న భయం ఒకవైపు, పలకకపోతే ఏమవుతుందోనన్న భయం ఇంకోవైపు. అంజన్నకు దండం పెట్టుకుని, పెదవులు తడుపుకుని, ధైర్యం కూడగట్టుకున్నాను. ఆ కాసేపట్లోనే ఆయనకు కన్నంటుకుంది. ఊపిరి వినిపిస్తున్నది. వంగి ఆయన చెవిలో, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి, మొగుడి పేరు పలికాను.

"పోశాలూ..."

మంచం మీది మనిషి కదల్లేదు.

"ఆఁ..."

పెరటి తలుపు అవతల నుంచి.

"ఆఁ అనసూర్యా... తలుపు తియ్యి. సలి పెడుతున్నది."

మా ఆయన గొంతు. నేను ఎరిగిన గొంతు. రోజూ పొద్దున నన్ను లేపే గొంతు. నా చేతిలో ఉన్న చెయ్యి మాత్రం మంచం మీదుంది. వదిలేశాను. గోడ పట్టుకుని పెరటి వైపు నడిచాను. తలుపు దగ్గర చీకట్లో అత్తమ్మ కూర్చుని ఉంది. గొళ్ళెం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"తియ్యకు బిడ్డా."

బయట ఉన్నది ఎవరని అడిగాను.  ఆమె ఏడుస్తున్నది. ఎప్పటి నుంచి ఏడుస్తున్నదో, కొంగంతా తడిసింది.

"ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే గదనే. తమ్మునికోసం పెద్దోడు గిన్నేండ్లు బయటనే ఉండె. ఇగ చిన్నోడు జరసేపు ఉంటడు."

ఆ మాటకు నాకు కోపం రావాలి. ఇప్పటికీ సరిగా రాదు. ఒక తల్లి అట్లాంటి మాట అనేదాకా వచ్చిందంటే ఎంత ఏడ్చి ఉండాలి. ఆమె చెయ్యి లాగేసి గొళ్ళెం తీశాను. తలుపు తెరిచాను.

ఎవరూ లేరు. వాన. గడప మీద నీళ్లు. మళ్లీ పిలిచాను. ఈసారి జవాబు పెరటి గోడ అవతల నుంచి వచ్చింది. ఇంకోసారి పిలిచాను... పొలాల దిక్కు నుంచి, సన్నగా, గాలికి కొట్టుకుపోతూ. ఆ తర్వాత ఏమీ లేదు. తడుస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. వెనక్కి తిరిగేసరికి అర్ర గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. ముఖం ఆయనదే. భుజాలు ఆయనవే. నన్ను ఎంతో ఆదరంగా చూశాడు.

"గీ వానల ఎవలతోని మాట్లాడుతున్నవ్, మరదలా?" అన్నాడు.

పొద్దున బస్సెక్కాడు. ఎక్కే ముందు అత్తమ్మ కాళ్లు మొక్కాడు. నాకు దూరం నుంచే దండం పెట్టాడు. బొంబాయిలో పిలవగానే పలికాడట. పేరు, ఫొటో, సంతకం అన్నీ సరిపోయాయట. ఒక్క అక్షరం తేడా లేదని వాళ్లే మెచ్చుకున్నారని చాంద్‌పాషా వచ్చి చెప్పాడు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

అతను రెండుమూడేళ్లకొకసారి సెలవు మీద వస్తాడు. వచ్చినప్పుడల్లా అత్తమ్మకు మెత్తటి కంబళ్లు, అత్తరు సీసాలు తెస్తాడు. నాకు చీర తెచ్చి ఆమె చేత ఇప్పిస్తాడు. మంచం వాకిట్లో వేసుకుంటాడు. అర్ర గడప ఎప్పుడూ తొక్కలేదు. మంచివాడు, ఆ మాట అనకపోతే పాపం తగులుతుంది. ఊళ్లోవాళ్లు మొగుడూ పెళ్లాలకు పడదని అనుకుంటారు. అనుకోనీ. నేను బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మొగుడున్న దాన్నే. ఎక్కడున్నాడంటే మాత్రం చెప్పలేను.

దీపాలు పెట్టే వేళకు పెరటి తలుపు బార్లా తీసి పిలుస్తాను. ఆయుష్షు సంగతి ఇప్పుడెవరికి పట్టింది, నోరారా పేరుపెట్టే పిలుస్తాను. పలుకుతాడు. లోపలికి రమ్మంటే రాలేనంటాడు. గడప దాటనియ్యరట, కాయిదం ఏదని అడుగుతున్నారట. ఎవరు అడుగుతున్నారో చెప్పడు. నా ఒంట్లో బాగుందా అని అడుగుతాడు. ఆ తర్వాత రోజూ అదే మాట.

"నా వీసా వచ్చిందా?"

ఇంకా రాలేదని చెబుతాను. రేపో ఎల్లుండో వస్తుందంటున్నారని అబద్ధం కూడా ఆడతాను. ఏడుపు వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకుంటాను. నిన్న కూడా అట్లాగే చెప్పాను. 

"జర జల్ది చెయ్యుమను అనసూర్యా. ఈడ లైను పెద్దగున్నది..."

ఆ మాట అంటుండగానే, ఆయన వెనుక ఎవరో దగ్గారు.